కడప బండ మీద ఓడరేవు

సముద్రం కనపడని కడపలో కూర్చుని ఓడరేవును నూనెరంగుల్లో వేయాలనుకోవడం చూసేవాళ్లకు వింతగా తోచవచ్చు. కానీ విశాఖపట్నంలో రాస్ హిల్ మీద మేరీమాత చర్చి ఆవరణలో నిలబడి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా సన్నని కాలువలోంచి ఒక ఓడ నెమ్మదిగా లోపలికి రావడం చూసిన ఉదయం నుంచి ఆ దృశ్యం నన్ను వదలలేదు. 1933లో ఓడల రాకపోకలు మొదలైన ఆ రేవుకు గాలివానల నుంచి ఆ కొండే పెద్ద కాపు. నేను చూసినప్పుడు కొండ దాదాపు నల్లగా ఉంది. క్రేన్లు బూడిదరంగులో నిలబడి ఉంటే, వాటి వెనుక ఊరు మంచులో సగం కరిగిపోయినట్టు కనిపించింది.

ఇంటికి వచ్చి వేసిన మొదటి కాన్వాస్‌లో ఇవేవీ లేవు. నీళ్లనగానే నీలం పూసేశాను. దూరంలో ఉన్న మేడలకు కూడా కిటికీలన్నీ లెక్కపెట్టి గీశాను. పైగా అడుగు పూతలోనే అవిసె నూనె ఎక్కువ కలిపి, దాని మీద టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగు వేయడం వల్ల కొన్ని నెలలకే ఆకాశం సన్నగా నెర్రెలు విచ్చింది. నూనెరంగు నీటిరంగులా ఆవిరై ఆరేది కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. అందుకే కింది పూత పలచగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలి. కింద ఇంకా కదులుతూ ఉంటే పైన ఎండిన పొర పగలక తప్పదు.

ఆ బొమ్మను మాకు తెలిసిన డ్రాయింగు సారుకు చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, "నీళ్లకు సొంత రంగు ఎక్కడుంది నాయనా? పైన ఉండేదే కదా కింద కనపడేది" అన్నారు.

ఆ మాట పట్టుకుని ఒకనాటి పొద్దున మా వాకిట్లో పరిచిన నల్లటి కడప బండల మీద చెంబెడు నీళ్లు పోశాను. తడి అంచున ఒక సున్నపురాయి ముక్కనూ ఒక బొగ్గునూ నిలబెట్టి, గొంతుక్కూర్చుని చూశాను. నీళ్లలో కనపడిన సున్నం నీడ అసలు రాయి కంటే మసకగా ఉంది. బొగ్గు నీడ మాత్రం బొగ్గంత నల్లగా లేదు. వేలితో నీటిని తాకగానే ఆ నీడలు పక్కలకు చెదరకుండా నా వైపుకు నిలువుగా సాగి, ముక్కలై, మళ్లీ అతుక్కున్నాయి. రేవు ఫోటోలను ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు అందని సంగతి ఆ చెంబెడు నీళ్లలో అందింది.

రెండో కాన్వాస్‌కు నల్లరంగు ట్యూబును పక్కన పెట్టేశాను. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎరుపు కలిసిన గోధుమరంగు కలిపితే వచ్చే బూడిదరంగు ఒక్కటే రేవు మొత్తానికీ సరిపోతుంది. నీలం పాలు పెంచి తెలుపు కలిపితే దూరపు ఊరవుతుంది. సియెన్నా పెంచితే దగ్గరి ఓడ ఒంటి మీది తుప్పవుతుంది. ఆ తరువాతే, ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో తన దేశంలోని లే హావ్ర్ రేవును వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' గొప్పతనం నాకు అర్థమైంది. ఆ చిత్రాన్ని నలుపు తెలుపుల్లో చూస్తే సూర్యుడు దాదాపు మాయమైపోతాడు, ఎందుకంటే ఆ నారింజ బింబానికీ చుట్టూ ఉన్న ఆకాశానికీ వెలుగులో తేడా లేదు, ఉన్నదంతా రంగులోనే. నేను మాత్రం అంతకుముందు వెలుగును చూపాలంటే తెలుపే పూయాలనుకునేవాణ్ణి.

ఇప్పుడు మూడోది ఈజిల్ మీద ఉంది. కొండ, ఆకాశం, ఊరు కుదిరాయి. వార్నిష్ వేయడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి కనుక తొందరేమీ లేదు. ఓడ తెరచాపకొయ్య నీడ ఒక్కటే, అల దగ్గర ఎక్కడ తెగాలో ఇంకా తేలలేదు. రేపు పొద్దున ఎండ ముదరకముందే బండ మీద నీళ్లు పోసి, చీపురుపుల్ల ఒకటి నిలబెట్టి చూడాలి.