ఓమ్నికి పెద్ద చక్రాలు: 12 నుంచి 13 అంగుళాలకు

ప్రయాణాల్లో పడుకుని, వండుకునేలా మార్చుకుంటున్న మా మారుతి ఓమ్ని వ్యాను లోపలి పనులు ఒక కొలిక్కి వచ్చాయి. మడత మంచం బిగిసింది, నీళ్ల క్యానుకు పట్టీ పడింది, గ్యాసు పొయ్యికి చోటు కుదిరింది. ఇక మిగిలింది చక్రాల సంగతి. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా నల్లమల వైపు వెళ్లే తారు రోడ్డు మీద మా ఓమ్నికి ఏ ఇబ్బందీ లేదు. రోడ్డు దిగి చెరువు కట్టకో, చేల మధ్య బాటలోకో తిరిగినప్పుడే చిక్కంతా. ట్రాక్టర్ల గాడుల మధ్య మిగిలిన మట్టి దిబ్బ బండి పొట్టను గీరుతుంది. అందుకే పెద్ద చక్రాల మీద మనసు పడింది.

12 అంగుళాల రిమ్ము తీసి 13 వేస్తే బండి లేస్తుందని అడిగినవాళ్లంతా చెప్పారు. టైరు మీద అంకెలు చదివితే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. ఓమ్నికి కంపెనీ ఇచ్చిన సైజు 145 ఆర్12 ఎల్‌టీ. 145 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. ఆర్ పక్కన 12 రిమ్ము అంగుళాలు. పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో విడిగా రాయలేదంటే దాదాపు 80, 82 అనుకోవాలి. మొత్తం వ్యాసం 542 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. ఇప్పుడు దుకాణంలో ముందుగా చూపించే 155/65 ఆర్13 తీసుకోండి; గీత తర్వాతి 65 ఆ శాతమే. రిమ్ము 330, రెండు వైపులా గోడలు కలిపి 201, వెరసి 532 కూడా దాటదు. చక్రం పెద్దదైంది, బండి మాత్రం అయిదు మిల్లీమీటర్లు కిందికి దిగింది! 155/70 వేస్తే 547. అదీ దండగే. 145/80 ఆర్13 వేస్తే 562, 155/80 వేస్తే 578. పైగా వ్యాసంలో పెరిగిన దానిలో సగమే బండి ఎత్తుకు కలుస్తుంది. అంటే 145/80తో పది మిల్లీమీటర్లు, 155/80తో పద్దెనిమిది.

పద్దెనిమిది ఆశ పెట్టింది. కానీ ఓమ్ని ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, గేర్లు నాలుగే. చక్రం ఆరేడు శాతం పెరిగితే ప్రతి గేరూ అంత మేర బరువెక్కుతుంది. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో రెండో గేరులో ఎక్కే మలుపులకు మొదటి గేరు కావాల్సి వస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి నిజానికి 64లో పోతుంటుంది. 145/80 అయితే తేడా 3.7 శాతం, అంటే 60కి 62. మూడు శాతం దాటవద్దని టైర్ల వాళ్లు సాధారణంగా చెప్పే హద్దుకు ఇది కొంచెం పైన ఉంది. నా మటుకు ఫరవాలేదు.

ఎత్తు కన్నా ముందు చూడాల్సింది మాత్రం బరువు. కారుకు చెప్పే సలహా వ్యానుకు పనికిరాదు. ఎల్‌టీ అన్న రెండక్షరాలు లైట్ ట్రక్కు టైరుకు గుర్తు; దాని పొరలు గట్టివి. 13 అంగుళాల్లో దొరికే మామూలు కారు టైరు మీద సైజు పక్కనే ఉండే అంకె ఒక్కో టైరు మోయగల బరువును చెబుతుంది. 73 అంటే 365 కిలోలు, 75 అంటే 387, 79 అంటే 437. 155/65కి సాధారణంగా 73, 145/80కి 75 ఉంటుంది.

మన బండి బరువెంతో తెలియకుండా ఈ అంకెలతో ఏం చేస్తాం? మిర్యాలగూడ రోడ్డులో రైసు మిల్లు దగ్గరి ధర్మకాంటాకు తీసుకెళ్లాను. వడ్ల లారీల వరుసలో ఓమ్నిని చూసి కాంటా కుర్రాడు "లోడు ఏది సార్?" అన్నాడు. మేమే లోడు అన్నాను. మంచం, పొయ్యి, నిండు నీళ్ల క్యాను, మేమిద్దరం కలిపి 1180 కిలోలు. తర్వాత ముందు చక్రాలు ప్లాట్‌ఫారం దాటేలా జరిపి వెనుక చక్రాలను మాత్రమే తూచమన్నాను: 650. సగం చేస్తే చక్రానికి 325. నీళ్ల క్యాను ఎడమ పక్కన ఉంది కాబట్టి అటు ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. 365 మోసే టైరుకు ఇది మరీ అంచు మీద నడక. 387తో కొంత ఊపిరి ఆడుతుంది. క్యానును ముందు సీటు వెనక్కి, మధ్యకు జరిపాను.

రిమ్ముల దగ్గర ఇంకో పేచీ. 145/80 ఆర్13 కొత్త ఆల్టో కే10కి వచ్చే సైజే కాబట్టి టైర్లు సులువుగా దొరుకుతాయి. ఆ కారు రిమ్ములే తెచ్చి వేద్దామంటే బోల్టులు కలవవు. ఆల్టోకు నాలుగు బోల్టుల వలయం 100 మిల్లీమీటర్లు, ఓమ్నికి 114.3. మధ్యలో అడాప్టర్ బిగిద్దామని ఒకరు అన్నారు. బరువు మోసే బండికి నేను ఒప్పుకోను. రెండు వలయాలకూ కలిపి ఎనిమిది రంధ్రాలు వేసిన అల్లాయ్ రిమ్ములు దొరుకుతాయి, అవే తీసుకున్నాను. వాటికి పాత నట్లు పనికిరావు. రిమ్ము గుంటకు సరిగ్గా కూర్చునే వాలు మొన నట్లు విడిగా కొనాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి.

కొనే ముందు దుకాణంలోనే రెండు సైజులూ ముందు చక్రానికి ఎక్కించి చూశాం. టైరు ఎక్కడ తగులుతుందో తెలియడానికి ఇంటి నుంచి గోధుమ పిండి ముద్ద తీసుకెళ్లాను. చక్రం పైన, బండి గూటి లోపలి గోడకు అక్కడక్కడ నిమ్మకాయంత ముద్దలు అంటించి, ముందు సీట్లలో ఇద్దరం కూర్చుని, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ స్పీడ్ బ్రేకర్ మెల్లగా ఎక్కించి దించాను. 155/80 వేసినప్పుడు వెనక వైపు ముద్ద పూర్తిగా అణిగిపోయింది. దాని మీద టైరు గాడులు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. 145/80తో అదే చోట చూపుడు వేలు పట్టేంత మందం మిగిలింది. ఇక చర్చ అక్కర్లేదు. టైర్ల పక్క గోడ మీద తయారీ వారం, సంవత్సరం చెప్పే నాలుగు అంకెలు చూసి మరీ తీసుకున్నాను. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. అలాంటి పాత సరుకు ఎంత మెరిసినా వద్దు.

గాలి తెల్లవారే పట్టించాలి. మా నల్లగొండ ఎండకు రోడ్డెక్కిన టైరులో రెండు మూడు పాయింట్లు తేలిగ్గా పెరుగుతాయి. మధ్యాహ్నం కొలిచి ఎక్కువైందని తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. అందుకే పాత 12 అంగుళాల చక్రాలు అమ్మలేదు, మూట కట్టి అటక మీద పెట్టాను. బీమా వాళ్లతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

స్టెప్నీ ఇంకా పాతదే. ఓమ్నికి తోసేవి వెనుక చక్రాలు. అక్కడ ఒకటి చిన్నది, ఒకటి పెద్దది పడితే రెంటికీ శక్తిని పంచే పళ్లచక్రాల పెట్టె, అంటే డిఫరెన్షియల్, దారంతా తిరుగుతూ అరుగుతుంది. అయిదో రిమ్ము దొరికేదాకా వెనుక పంక్చరైతే ముందు చక్రం ఒకటి వెనక్కి మార్చి, స్టెప్నీని ముందు వేయాలి. రెండుసార్ల జాకీ పని, అయినా అదే పద్ధతి. రిమ్ముల దుకాణం వాడు వచ్చే వారం ఫోను చేస్తానన్నాడు.