తలుపు తియ్, లైటు తియ్

మా అబ్బాయికి నాలుగేళ్లున్నప్పుడు ఒక సాయంత్రం వాడు అడిగిన ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు. తలుపు తియ్యమంటే తెరవాలి, లైటు తియ్యమంటే ఆర్పాలి. తలుపు వెయ్యమంటే మూయాలి, లైటు వెయ్యమంటే వెలిగించాలి. ఇంతకీ తియ్యడమంటే ఏమిటమ్మా అని వాడి సందేహం. దోసె వెయ్యడం, తాళం వెయ్యడం, ఓటు వెయ్యడం, పచ్చడి మిక్సీ వెయ్యడం కూడా ఉన్నాయని ఆ పూట వాడికి చెప్పలేదు. నలభై ఏళ్లుగా ఈ మాటలు వాడుతున్న నాకు ఇందులో చిక్కు ఒకటుందని అప్పటిదాకా తట్టనేలేదు.

మేము డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాము. నాది తెనాలి, మావారిది కరీంనగర్. నేను ఫ్యాను కట్టెయ్ అంటాను, ఆయన బంద్ చెయ్ అంటారు. పిల్లలిద్దరికీ రెండూ అర్థమవుతాయి, కానీ ‘బంద్’ నాన్న సొంత మాట అని చాలాకాలం అనుకున్నారు. బయటి వారెవరైనా వచ్చి మా ఇంట్లో ఒక రోజు మాట్లాడే తెలుగును రాసుకుంటే, అందులో కథలూ కబుర్లూ ఆట్టే ఉండవు. చెప్పులు విప్పు, చేతులు కడుక్కో, కుళాయి కట్టెయ్, లైటు తీసెయ్, తలుపు దగ్గరగా వెయ్: ఇవే ఎక్కువ. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్పినా చెయ్యవలసిన పని తెలుగులో విని చేసేవారు. ప్రవాసంలో చాలా ఇళ్లలో భాష ఇలా ఆజ్ఞల రూపంలోనే నిలుస్తుందని నా అనుమానం. అది గొప్ప స్థితి కాదు గానీ, ఆ ఆజ్ఞలు కూడా పోతే మిగిలేది పండగలూ ఫొటోలే.

ఆ సంగతి 2019లో, ఇంట్లోకి మాట వినే స్పీకరూ దానితోపాటు చెబితే వెలిగే బల్బులూ వచ్చాక తెలిసింది. కొన్నది నేనే, తగ్గింపు ధరకు వచ్చిందని సంబరపడ్డాను కూడా. వారం తిరగకుండానే హాల్లో లైట్లు, పాటలు, అలారాలు, బయట ఎండో వానో కనుక్కోవడం అన్నీ దాని చేతిలోకి వెళ్లాయి, దానితో మాట్లాడే భాష ఇంగ్లీషు. నేను సైతం సోఫాలోంచి లేవకుండా దానికే చెప్పడం మొదలుపెట్టాను. ఇదివరకు అమ్మాయిని పిలిచి, అది రాకపోతే రెండోసారి కాస్త గట్టిగా పిలిచి, లైటు వెయ్యమని చెప్పి, అది విసుక్కుంటే నాలుగు మాటలు అని, ఆ వంకన బడి సంగతులు రాబట్టేదాన్ని. ఒక్క లైటు చుట్టూ ఇంత తెలుగు ఉండేదని, అది మాయమయ్యాక గాని నాకు తెలియలేదు.

వంటగది మాత్రం లొంగలేదు. అక్కడ ఉన్నవాటిలో సగం సూట్‌కేసుల్లో వచ్చిన సామాను. మిక్సీ 230 వోల్టులది, ఇక్కడి గోడలో వచ్చేది 120 వోల్టులు. నేరుగా పెడితే నీరసంగా తిరుగుతుంది, కొబ్బరి నలగదు. అందుకని ఇటుకంత బరువున్న ఒక ట్రాన్స్‌ఫార్మరు కొని మధ్యలో పెట్టాము. అది పనిచేస్తున్నంతసేపూ తుమ్మెదలా రొద పెడుతుంది. ఆ మిక్సీని ఏ స్పీకరూ తిప్పలేదు. కుక్కరుకు మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్యమని చెప్పి నేను స్నానానికి వెళితే, మా అబ్బాయి ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే లెక్కపెడతాడు. ఇక్కడ కొన్నవాటికి ఇంగ్లీషు, అక్కడినుంచి తెచ్చినవాటికి తెలుగు: ఎవరూ పెట్టని నియమమే అయినా ఇంట్లో అందరూ పాటిస్తున్నారు. చలికాలంలో దోసెల పిండి పులియడానికి ఓవెనులో పెట్టి లోపలి లైటు వేసి ఉంచడం ఈ రెండింటికీ నడుమ ఉన్న వ్యవహారం కాబట్టి కాబోలు, దానికి మేము వాడే వాక్యం కూడా కలగాపులగంగానే ఉంటుంది. ఒకసారి మా అమ్మాయి పిజ్జా కోసం చూసుకోకుండా ఓవెను వేడిచేసింది. పిండి ఉడికింది, డబ్బా ప్లాస్టిక్ మూత కరిగి గిన్నెలోకి జారింది. ఆ రోజు నేను అన్న మాటల్లో కొన్ని వాళ్లకు కొత్తవి.

2021 ఫిబ్రవరి 15న అర్ధరాత్రి దాటాక టెక్సస్‌లో కరెంటు పోయింది. మంచు తుపానుకు విద్యుత్ కేంద్రాలు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోగా, సెకనుకు 60 సార్లు (60 హెర్ట్జ్) ఊగవలసిన కరెంటు ఫ్రీక్వెన్సీ 59.3 దాకా పడిందని, ఇంకొక 4 నిమిషాల 37 సెకన్లు అలాగే ఉంటే రాష్ట్రంలోని గ్రిడ్డు మొత్తం కుప్పకూలేదని తరువాత అధికారులు చెప్పారు. మాకు ఆ రాత్రి తెలిసినదల్లా చలి. మా ఇంట్లో వేడి పుట్టేది గ్యాసుతోనే అయినా దానిని గదుల్లోకి తోసే ఫ్యానుకు కరెంటు కావాలి, కాబట్టి అదీ మూలపడింది. పొయ్యి మాత్రం అగ్గిపుల్ల గీసి వెలిగించుకోవచ్చు. అప్పటికి అయిదేళ్లున్న మా అబ్బాయి అగ్గిపెట్టె అన్న మాట మొదటిసారి విన్నది, అగ్గిపుల్ల గీయడం దగ్గరగా చూసినది ఆ రోజే. స్పీకరు నల్లటి రాయిలా కూర్చుంది. వాడు దాన్ని రెండుసార్లు పిలిచి, పలకకపోయేసరికి, ఇది చచ్చిపోయిందా అని అడిగాడు.

మాకు మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, కొంచెం ఊరు గుర్తుకొచ్చింది. 2012లో అక్కడ కరెంటు కోతల కాలంలో ఏ వీధికి ఏ గంటల్లో కరెంటు ఉండదో చూసుకుని పచ్చళ్లు రుబ్బుకున్న వాళ్లం. కరెంటు పోగానే ముందు పక్కింటి వాళ్లకూ పోయిందో లేదో చూడాలని, పోయి ఉంటే మనసు కుదుటపడుతుందని పిల్లలకు చెప్పాము. వాళ్లు కిటికీ తెర జరిపి చూసి వచ్చి, అందరికీ పోయిందని సంతోషంగా చెప్పారు. రెండో రోజు సాయంత్రం ఫ్రిజ్ ఒక్కసారి గుర్రుమనగానే నేనూ మావారూ ఒకేసారి, అనుకోకుండా, “కరెంటొచ్చింది!” అని అరిచాము. పిల్లలు ఆ అరుపుకే బెదిరారు. తరువాత మా అబ్బాయి బడిలో ‘కరెంట్’ వచ్చిందని చెబితే ఎవరికీ అర్థం కాలేదట. ఇక్కడి వాళ్లు కరెంటును పవర్ అంటారు. అది ఇంగ్లీషు మాటే అని నేను ఎంత చెప్పినా వాడు ఒప్పుకోలేదు. వాడి లెక్కలో కరెంటు తెలుగు మాట, నాన్న బంద్ లాగే ఇంట్లో మాట.

నిరుడు మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. ఇక్కడి స్విచ్చి పైకి నొక్కితే వెలుగుతుంది, అక్కడ కిందికి. ప్లగ్గు పక్కన స్విచ్చి ఉండదు, గీజరుకు అసలు స్విచ్చే కనిపించదు. రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి కనిపించిన స్విచ్చినల్లా తీసెయ్యడం ఆమెకు యాభై ఏళ్ల అలవాటు. గోడ మీద స్విచ్చి తీసేస్తే చెబితే వెలిగే బల్బుకు ప్రాణం పోతుంది. పొద్దున్నే స్పీకరు, ఆ లైటు తనకు అందడం లేదని నిర్లిప్తంగా చెబుతుంది. “చేతికందే స్విచ్చి ఉండగా ఆ పెట్టెకు దరఖాస్తు పెట్టుకోవడమేమిటే?” అని అమ్మ నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పిల్లలు వారం రోజులు ఓపిక పట్టారు.

చివరకు మా అబ్బాయి కాగితం టేపు ముక్క చించి, హాల్లో స్విచ్చి మీద అతికించి, ఆదివారాలు ‘మనబడి’ తెలుగు తరగతుల్లో నేర్చుకున్న అక్షరాలతో అమ్మమ్మ కోసం ‘తియొదు’ అని రాశాడు. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడు రాసిన మొదటి తెలుగు మాట అదే. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, మనవడి చేతిలోని పెన్సిలు అందుకుని, ‘య’ కింద ఒక ఒత్తు, ‘ద’ కింద ఒక ఒత్తు పెట్టింది. ఆ రాత్రి మిగిలిన స్విచ్చులన్నీ తీసేసి, దాన్ని మాత్రం వదిలేసింది.