లాగ్‌కెక్కని పదకొండు మెయిళ్లు

మంగళవారం, రాత్రి 10.40

పొద్దుట్నుంచీ ముసురు. కూకట్‌పల్లి పచ్చళ్ల కొట్టు సైటు పంచాయితీ మాత్రం తేలింది. కొట్టాయన ఫోన్: "అన్నా, కస్టమర్లకు మెయిల్ ముట్టిందంట, మన లాగ్‌ల చూస్తే ఏం లేదు." లాగ్ అంటే సైటు పంపిన ప్రతి మెయిల్‌కీ ఒక్కో వరస రాసుకునే చిట్టా. ఆదివారం ఆర్డర్లు 64. నంబర్లు పెట్టి సరిచూస్తే 11కి ఆ రోజు లాగ్‌లో వరస లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ముందు లాగ్ రాసే ప్లగిన్ (సైటుకి తగిలించే చిన్న ప్రోగ్రామ్) తీసేసి మళ్లీ వేస్తారు. చేయకూడని పని. కొన్ని ప్లగిన్లు పోతూ పోతూ డేటాబేస్‌లో వరసలు దాచిన తమ టేబుల్‌ని కూడా చెరిపేస్తాయి, ఉన్న వరసలూ పోతాయి.

సైటు లాగ్ వేరు, సర్వర్ లాగ్ వేరు. వర్డ్‌ప్రెస్‌లో (ఈ సైటు నడిచే సాఫ్ట్‌వేర్) లాగ్ ప్లగిన్, మెయిళ్లు పంపే డబ్ల్యూపీ మెయిల్ ఫంక్షన్ దగ్గర కాపు కాస్తుంది. ఏ ఫామో దాన్ని తప్పించుకుని నేరుగా పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) మెయిల్ ఫంక్షన్‌ని పిలిస్తే ప్లగిన్‌కి తెలియనే తెలియదు. అలాంటి దొంగదారి పట్టుకోవాలంటే పీహెచ్‌పీ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్లో మెయిల్ డాట్ లాగ్‌కి ఒక ఫైలు చూపిస్తే చాలు, ఏ స్క్రిప్టు, ఎన్నో లైను నుంచి పంపిందో రాసి పెడుతుంది.

ఇక్కడ అంత దూరం పోలేదు. ఎగ్జిమ్ (సర్వర్‌లో మెయిళ్లు పంపే ప్రోగ్రామ్) మెయిన్‌లాగ్‌లో పదకొండు అడ్రసులకూ ఎగ్జిగ్రెప్ అనే వెతుకుడు కమాండ్ కొడితే ఒక్కో మెయిల్ వరసలన్నీ ఒకచోట పడ్డాయి. ఎడమ బాణం అంటే క్యూలోకి వచ్చింది, కుడి బాణం అంటే డెలివరీ, రెండు సమాన గుర్తులంటే ఆగింది, రెండు నక్షత్రాలంటే ఇక పోదు. పదకొండింటికీ కుడి బాణమే. (అవతలి సర్వర్ తీసుకుందనే దానర్థం. ఇన్‌బాక్స్‌లో పడిందా స్పామ్‌లో పడిందా అన్నది వాళ్లిష్టం.) అంటే పంపడంలో లోపం లేదు, రాసుకోవడంలోనే.

ఏడు తేలిగ్గా దొరికాయి. ప్లగిన్ టైమ్‌ని యూటీసీలో (మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక) దాస్తోంది. శనివారం అర్ధరాత్రి దాటాక ఆదివారం తెల్లవారుజామున 5.30 దాకా వచ్చిన ఆర్డర్లన్నీ దాని లెక్కలో శనివారమే. తేదీ ఒక రోజు వెనక్కి జరిపితే బయటపడ్డాయి.

మిగిలిన నాలుగే మధ్యాహ్నమంతా తినేశాయి. నాలుగూ ఒకే కాంబో ప్యాక్ ఆర్డర్లు. ఆ ప్యాక్ పేరులో 'ఆవకాయ' పక్కన ఎవరో బుల్లి మామిడికాయ ఎమోజీ పెట్టారు, ఆ పేరు మెయిల్లోకీ వెళ్తుంది. లాగ్ టేబుల్ డేటాబేస్ పాత యూటీఎఫ్8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఉంది, అక్షరానికి 3 బైట్లే పడతాయి. తెలుగు అక్షరాలు సరిగ్గా మూడే కాబట్టి ఇన్నాళ్లూ గొడవ లేదు. మామిడికాయకి నాలుగు కావాలి. వర్డ్‌ప్రెస్ ఇది ముందే పసిగట్టి ఇన్సర్ట్ క్వెరీని (వరస రాయమనే ఆదేశం) డేటాబేస్‌కి పంపనే పంపదు, ఫాల్స్ అని తిప్పి పంపుతుంది. ప్లగిన్ ఆ జవాబు చూడదు. అందుకే మైఎస్‌క్యూఎల్ (ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఎర్రర్ లాగ్‌లో వెతకడం దండగ, అక్కడ ఏమీ ఉండదు. ప్రాడక్ట్ పేరు మాత్రం సైటులో చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రాడక్ట్‌లు ఉండే అసలు పోస్టుల టేబుల్ యూటీఎఫ్8ఎంబీ4లో (నాలుగు బైట్లూ పట్టే రకం) ఉంది.

లాగ్ టేబుల్‌ని డంప్ (కాపీ) తీసి పక్కన పెట్టి, ఆల్టర్ టేబుల్ కమాండ్‌తో యూటీఎఫ్8ఎంబీ4కి మార్చబోతే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) అడ్డుపడింది. అడ్రసు కాలమ్ 255 అక్షరాలు, నాలుగేసి బైట్లంటే 1020. ఈ పాత సర్వర్‌లో ఇండెక్స్‌కి హద్దు 767 బైట్లు. ఇండెక్స్‌ని 191 అక్షరాలకి కుదిస్తే 764, సరిపోయింది. మామిడికాయతో ఒక టెస్ట్ ఆర్డర్ వేస్తే వరస పడింది.

"గా బొమ్మ తీసెయ్యాల్నా అన్నా?" అన్నాడు కొట్టాయన. ఉండనీ.

ఆ నాలుగూ లాగ్‌లోకి వెనక్కి రావు. ఎగ్జిమ్ దగ్గర అడ్రసు, టైమ్ ఉంటాయి గానీ మెయిల్లో ఏముందో ఉండదు. ఆ వరసలు రేపు పొద్దున్నే కాపీ చేసుకోవాలి. లాగ్ రొటేట్ అయి (పాతది పక్కకి జరిగి) జీజెడ్ అనే కుదించిన ఫైల్లోకి వెళ్తే మళ్లీ జెడ్‌గ్రెప్‌తో తవ్వాలి.