93వ కిలోమీటరు దగ్గర రాని తీసివేత

120లో నుంచి 93 తీసేస్తే ఎంత? రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చుని ఈ లెక్కతో చాలాసేపు తంటాలు పడ్డాను. సైకిల్ మీటరు 93 చూపిస్తోంది, ఇల్లు చేరితే 120. ఒకసారి 37 అనుకున్నాను, ఇంకోసారి 17. అలసిన కాళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, ఇది అది కాదు. కాళ్లు నొప్పి పుట్టడం లేదు, అసలు ఉన్నట్టే లేవు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఎండలో చల్లని చెమట పడుతోంది. కారణం లేకుండా ఏడుపు వస్తోంది.

ఆ ఉదయం ఒట్టి కాఫీ తాగి బయలుదేరాను. దారిలో ఒక అరటిపండు, మిగతాదంతా నీళ్లే. బరువు తగ్గడానికి తొక్కుతున్న సైకిల్ కదా, తింటూ తొక్కితే ఇక కరిగేదేమిటని నా తెలివి. జేబులో రెండో అరటిపండు ఉంది. దాన్ని తినకుండా ఇంటికి చేర్చడమే ఘనకార్యం అనుకున్నాను. చివరికి కల్వర్టు మీదే తిన్నాను. పావుగంట తరువాత 27 అని తట్టింది.

ఇల్లు చేరాక ఫోనులోని యాప్ 3,900 క్యాలరీలు ఖర్చయ్యాయని మెచ్చుకుంది. అంత ఖర్చు పెట్టినవాడికి హక్కు ఉంటుంది కదా! రాత్రి పడుకునేదాకా తింటూనే ఉన్నాను. ప్రతి ఆదివారం ఇదే తంతు. రెండు నెలల్లో కిలోన్నర పెరిగాను. దారిలో పస్తు, ఇంట్లో విందు.

ముందు ఆ 3,900 మీద అనుమానం వచ్చింది. అదే రైడ్‌కు చేతి వాచీ 2,800 అంది. కాగితం మీద నేనే ఒక లెక్క వేశాను. ఊరికే కూర్చున్నా కిలో బరువుకు గంటకు దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. దాన్ని ఒక మెట్ అంటారు. గంటకు 20, 22 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కడానికి పట్టికల్లో 8 మెట్‌లు వేస్తారు. నా బరువు 72 కిలోలు, పట్టిన సమయం ఐదున్నర గంటలు. మూడూ గుణిస్తే దాదాపు 3,170. ఒకే మనిషి, ఒకే దారి, మూడు జవాబులు. పైగా ఈ 3,170లో నేను ఇంట్లో కూర్చున్నా ఖర్చయ్యే 400 కూడా కలిసే ఉన్నాయి. ఎదురుగాలి వీచిందో, ఇంకొకరి వెనక దాక్కుని తొక్కానో పట్టికకు తెలియదు. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి ప్రతి సెకనుకూ కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది కాబట్టి, ఆ తేడా చిన్నది కాదు.

వాచీ గుండె స్పందనను నమ్ముకుంటుంది. ఒకే దారిలో, ఒకే వేగంతో, ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి మిట్టమధ్యాహ్నం తొక్కి చూశాను. మధ్యాహ్నం వాచీ 300 ఎక్కువ చూపించింది. నేను ఎక్కువ పని చేయలేదు. ఒంట్లో నీరు తగ్గి, వేడి పెరిగి, అదే పనికి గుండె ఎక్కువ సార్లు కొట్టుకుంది, అంతే.

చివరికి ఒక స్నేహితుడు తన పవర్ మీటర్ ఉన్న సైకిల్‌ను అరువిచ్చాడు. పెడల్ మీద పడే బలాన్ని కొలిచి వాట్లలో చెప్పే సాధనం అది. ఆ 120 కిలోమీటర్లకు నా సగటు 120 వాట్లు, మొత్తం పని 2,376 కిలోజౌళ్లు. ఇక్కడ ఒక అందమైన కాకతాళీయం ఉంది. తిండి లెక్కలో ఒక క్యాలరీ (అసలు పేరు కిలోక్యాలరీ) అంటే దాదాపు 4.2 కిలోజౌళ్లు. మన ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్ దాకా చేరేది నాలుగో వంతు, లేదా అంతకు కాస్త తక్కువ, మిగతాది వేడిగా పోతుంది. నాలుగుతో భాగించాలి, మళ్లీ నాలుగుతో గుణించాలి. రెండూ కొట్టివేసుకుంటాయి. కాబట్టి కిలోజౌళ్ల సంఖ్యనే కాస్త అటూ ఇటుగా క్యాలరీలు అనుకోవచ్చు. అంటే నేను ఖర్చు పెట్టింది 2,400, 2,600 మధ్య. యాప్ మెచ్చుకోలులో మూడో వంతు ఉత్తుత్తిదే.

ఈ లెక్కంతా గర్వంగా చూపిస్తే స్నేహితుడు, "బాగానే ఉంది గానీ, గంటకు ఎంత తింటున్నావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కండరాలు, కాలేయం కలిసి గ్లూకోజ్‌ను గ్లైకోజెన్ అనే నిల్వ రూపంలో దాచుకునేది దాదాపు 500 గ్రాములు, అంటే 2,000 క్యాలరీలు. కండరం తన వాటాను తానే వాడుకుంటుంది తప్ప రక్తంలోకి వదలదు. మెదడుకు గ్లూకోజ్ అందించాల్సింది కాలేయం. దాని దగ్గర ఉండేదే 100 గ్రాముల లోపు, అదీ రాత్రి నిద్రలోనే చాలావరకు తరిగిపోతుంది. నేనేమో ఒట్టి కాఫీతో బయలుదేరాను. తీసివేత ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

పోనీ ఖర్చయినంతా దారిలోనే తినేద్దామంటే పేగు ఒప్పుకోదు. చిన్నపేగు గ్లూకోజ్‌ను గంటకు 60 గ్రాముల వరకే లోపలికి పంపగలదు. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్‌ది వేరే దారి కాబట్టి రెండూ కలిపి తీసుకుంటే, అలవాటు పడ్డవాళ్లు 90 దాకా వెళ్లగలరు. మామూలు పంచదారలో ఈ రెండూ సగం సగం ఉంటాయి. ఇంతోటి దానికి సైకిల్ తొక్కేవాళ్ల కోసం అమ్మే ఖరీదైన పొట్లాలు ఎందుకని నా అభిప్రాయం.

ఆ ఉత్సాహంలో ఒక తప్పు చేశాను. 90 గ్రాముల పంచదార ఒకే సీసాలో కలిపి, మొదటి గంటలోనే గటగటా తాగేశాను. కడుపు నిండు కుండలా తొణుకుతూ, ప్రతి గతుకుకూ గొంతుదాకా వచ్చింది. ఆ రోజు 40 కిలోమీటర్లకే వెనుదిరిగాను. పేగుకు కూడా సాధన కావాలట. తరువాతి వారం గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి, నెలన్నరలో 60కి చేరాను. గంటకు ఒక అరలీటరు సీసా, అందులో 35 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, దాంతోపాటు ఒక అరటిపండు. మధ్యరకం పండులో 25 గ్రాములకు పైగా పిండిపదార్థాలు ఉంటాయి. 20 నిమిషాలకోసారి వాచీ మోగుతుంది. ఆకలి ఉన్నా లేకపోయినా తింటాను. ఆకలి వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

నీళ్ల లెక్కకు యంత్రాలేవీ అక్కరలేదు, బరువు చూసుకునే త్రాసు చాలు. మూడు గంటలు తొక్కి వచ్చాక 2 కిలోలు తగ్గాను, దారిలో తాగింది ఒక లీటరు. అంటే గంటకు లీటరు చెమట. నల్ల చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూశాక సీసాలో ఇంకో చిటికెడు పెంచాను. తిరిగొచ్చాక బరువు పెరిగి ఉంటే అది ఇంకా ప్రమాదం. అతిగా తాగిన నీరు రక్తంలోని సోడియాన్ని పలచన చేస్తుంది.

ఇప్పుడు ఐదున్నర గంటల్లో దారిలోనే 1,300 క్యాలరీల దాకా తింటున్నాను. ఇల్లు చేరాక స్నానం చేసి, అందరితోపాటు ఒక మామూలు భోజనం చేస్తాను. రాత్రిదాకా వంటింటి చుట్టూ తిరగడం పోయింది, ఆ కిలోన్నరా నెమ్మదిగా దిగింది. యాప్ ఇప్పటికీ 3,900 అనే అంటోంది. నాకు మిగిలిన చిక్కల్లా చీమలు. సాయంత్రం సీసా కడగడం మరిచిపోతే, తెల్లారేసరికి మూత అంచు చుట్టూ నల్లగా బారు తీరి ఉంటాయి.