బూట్లో పిక్కలు

"సంచి విప్పవోయ్" అన్నాడు చెక్‌పోస్టులో పోలీసు. విప్పాను. రాజ్మా పిక్కలు. చెయ్యి అడుగుదాకా పెట్టి కెలికాడు. అమ్మ వేసిన ముడి ఊడి, ఎర్రటి పిక్కలు బస్సంతా దొర్లాయి. కండక్టరు కూడా వంగి నాతోపాటు ఏరాడు, పాపం.

వెనక సీటాయన నవ్వుతూ, "చింతపల్లి కదా బాబూ, అనుమానం సహజమే" అన్నాడు. లంబసింగిలో మంచు చూసి వస్తున్నాడట. మా కాఫీ పొడి కొన్న సంచి ఆయన ఒళ్లోనే ఉంది. దాన్ని ఎవరూ విప్పమనలేదు.

గంజాయి కేసులు లేవని నేననను. కానీ మన్యం అనగానే ఆ ఒక్కటేనా గుర్తొచ్చేది?

మేం దిగుతున్న నర్సీపట్నం ఘాట్ దారి ఉంది చూశారూ, వందేళ్ల కిందట బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు మావాళ్లతో వేయించాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. అప్పటికే 1882 అటవీ చట్టంతో పోడు కొట్టుకోవడమే నేరమైపోయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి ఊరికే జరిగిందా?

అల్లూరి విగ్రహం దగ్గర ఫొటో దిగానన్నాడు వెనక సీటాయన. ఆ పోరులో అల్లూరి వెంట నడిచిన గాం గంటందొర పేరెత్తితే "ఎవరూ?" అన్నాడు. ఆయన తమ్ముడు మల్లుదొర అండమాన్ జైల్లో ఉండొచ్చి, 1952లో లోక్‌సభకు గెలిచాడండీ అన్నాను. "అవునా!" అని ఫోన్ చూసుకున్నాడు.

ఇంటికొచ్చి బూటు విప్పితే ఇంకో రెండు పిక్కలు.