నాయనమ్మ తలుపు వెనక గీతలు

నాకు టీబీ అని తేలిన రోజు నాకంటే మా ఇంట్లోవాళ్లే ఎక్కువ బెదిరిపోయారు. మూడు వారాలైనా తగ్గని దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటకి దిండు తడిసిపోవడం, ఇవన్నీ పని టెన్షన్ వల్లేలే అని నెట్టుకొచ్చింది నేనే. నాయనమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్లి, నా గదిలో ఏళ్లుగా బిగుసుకుపోయిన కిటికీ గడియని సుత్తితో కొట్టి మరీ తెరిచింది.

ఆవిడ చెల్లెలు చిన్నప్పుడు ఇదే జబ్బుతో పోయిందట. టీబీకి పనిచేసే స్ట్రెప్టోమైసిన్ మందు 1943లోనే కనిపెట్టారు గానీ ఆ పిల్లదాకా రాలేదు. "గదిలో పెట్టి తలుపేసేశార్రా" అంది ఒకసారి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందుకే కాబోలు, దగ్గరికి రావద్దన్న మొదటి రోజుల్లో కిటికీకి అవతల స్టూలు వేసుకుని కూర్చునేది. బట్టలు మడతపెట్టడం, లెక్కలు చెప్పించుకోవడం, అందర్నీ తిట్టడం, ఇల్లంతా అక్కణ్ణించే నడిపింది. ఎవరో నాకు వేరే కంచం పెడితే, జబ్బు గాలిలో వస్తుంది గానీ కంచాల్లో కాదని డాక్టరు చెప్పిన మాట గుర్తుచేసి దాన్ని తీసేయించింది.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, పొద్దున్నే ఖాళీ కడుపుతో. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే రక్తమనుకుని కేకలేశాను. "డాక్టరు చెబుతుంటే ఫోన్ చూసుకున్నావుగా" అంది తాపీగా.

రెండో నెల దాటాక దగ్గు పోయింది, బరువు పెరిగాను, ఇంకెందుకు ఈ మాత్రలు అనిపించింది. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మొండికెత్తి ఆ మందులకి లొంగకుండా పోతాయని నాకు తెలుసు, అయినా బద్ధకం. ఆవిడ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. మాత్రలు మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసి, అప్పుడు తలుపు వెనక సుద్దతో ఒక గీత గీసేది. కఫం పరీక్షలో ఏమీ లేదని వచ్చిన రోజు ఎగిరి గంతేశాను. "ఇంకా పదకొండు గీతలున్నాయి" అంది.

తర్వాత రెండేళ్లకి ఆవిడకి బీపీ మాత్రలు రాశారు. ఒకరోజు వేసుకుంటే రెండ్రోజులు ఎగ్గొట్టేది. నేనూ సుద్దముక్క తెచ్చి నా గీతల కింద ఆవిడకి గీయడం మొదలుపెట్టాను. మూడో రోజు చూస్తే నావన్నీ అలాగే ఉన్నాయి, ఆవిడవి మాత్రం కొంగుతో తుడిచేసి ఉన్నాయి.