'అసహ్యం' అని గుడ్డిగా బట్టీ కొడితే ఏమైందంటే

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాస్తున్నా, ముఖ్యంగా నాలాగా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీష్ సెక్షన్ రాగానే గుండె దడ పుట్టేవాళ్లకు. మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండ నయీంనగర్‌లో రూమ్, పొద్దున లైబ్రరీకి పోతే మళ్లీ రాత్రికే రూముకు. మ్యాథ్స్‌తో పెద్ద టెన్షన్ లేదు, బాధంతా ఒకాబులరీతోనే. మొదటి దశ పరీక్ష టైర్ వన్‌లో ఇంగ్లీష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్కటి తప్పు పెడితే రావాల్సిన 2 పోవడమే కాదు, ఇంకో అర మార్కు కూడా కోస్తారు.

నా దగ్గరున్న జిరాక్స్ నోట్స్‌లో హేట్, డిటెస్ట్, అబ్‌హార్, లోద్ అన్నీ వరుసగా రాసి, పెద్ద బ్రాకెట్ గీసి పక్కన 'అసహ్యించుకొను' అని పెట్టారు. నేనూ అదే బట్టీ కొట్టా. ఒక మాక్ టెస్ట్‌లో 'ఊరు విడిచి పోవడానికి అతను లోత్' అనే అర్థం వచ్చే వాక్యం ఇచ్చి లోత్‌కు సినానిమ్, అంటే అదే అర్థమున్న పదం, అడిగారు. చూసిన పదమే కదా అని అసహ్యం ఉన్న ఆప్షన్ పెట్టా, తప్పు. స్పెల్లింగ్ చివర 'ఈ' లేకపోతే అది లోత్, విశేషణం, మనసొప్పకపోవడం అంతే. 'ఈ' ఉంటే లోద్, క్రియ, అప్పుడే అసహ్యం. ఊరు విడవడానికి మనసొప్పనివాడిని పట్టుకుని ఊరంటేనే అసహ్యపడేవాడిని చేశా, మొత్తం ఉల్టా!

అసలు మనం మాత్రం అన్నిటికీ ఒకే మాట వాడతామా? వంకాయ పడదంటాం, ఎదురింటాయన గిట్టడంటాం, మోరీ కంపు రోత, భూమి కాజేసినవాడి మీద పగ. నా రూమ్మేట్ డీఎస్సీలో తెలుగు పండిట్ పోస్టుకు చదివేవాడు, బీభత్స రసానికి స్థాయీభావం జుగుప్స అని గట్టిగా చదువుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు కానీ, అబ్‌హార్ అర్థమైంది జుగుప్స, అంటే ఒళ్లు జలదరించేంత రోత, అనే ఆ మాటతోనే. దాని లాటిన్ మూలంలో ఉన్నది ఒళ్లు జలదరించి వెనక్కి జరగడం, మనం హారర్ సినిమా అనేటప్పటి హారర్ కూడా ఆ వేరు నుంచే వచ్చింది. అందుకే హింస, కులవివక్ష లాంటివాటికి అబ్‌హార్ అతుకుతుంది. వంకాయకు వాడితే నవ్వుతారు, దానికి హేట్ చాలు.

వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో మనల్ని ముంచేది మన తెలుగే. 'హింస అంటే నాకు అసహ్యం' అని ఆలోచించి, ఆ 'అంటే' కోసం అబ్‌హార్ పక్కన ఒక ప్రిపొజిషన్ ఇరికిస్తాం. అక్కర్లేదు, 'ఐ అబ్‌హార్ వయొలెన్స్', అంతే. నామవాచకం అయితేనే కావాలి: అబ్‌హారెన్స్ పక్కన 'ఆఫ్', అవర్షన్ (విముఖత) పక్కన 'టు'. అదే 'అబ్‌హారెంట్ టు మీ' అన్నప్పుడు మాత్రం అచ్చం మన 'నాకు' లాగే కూర్చుంటుంది, నాకు భలే నచ్చింది ఇది. ఇంకోటి, హేట్ తర్వాత 'టు' పెట్టినా ఐఎన్‌జీ పెట్టినా నడుస్తుంది, డిటెస్ట్, లోద్ తర్వాత ఐఎన్‌జీయే. పాస్ట్ టెన్స్‌లో అబ్‌హార్‌కు రెండు 'ఆర్'లు పడతాయి, స్పెల్లింగ్ ప్రశ్నల్లో చూసుకోండి.

'నేచర్ అబ్‌హార్స్ ఏ వాక్యూమ్' అని పాత మాట ఒకటుంది, ప్రకృతి ఖాళీని సహించదని. నాకు లైబ్రరీలో గుర్తుండిపోయింది. చాయ్ తాగి పది నిమిషాల్లో వచ్చేసరికి నా కుర్చీలో ఇంకొకరు, నా పుస్తకాలు కిటికీలో. మర్నాటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకున్నా.